వచ్చేటప్పుడే వచ్చే చప్పుడు

"ఏం తిరుపాలూ, నీకిది న్యాయమా? పాత బుష్‌లేసి కొత్తవని చెప్తావా?"

పెనుకొండలో మెకానిక్ షెడ్డు ముందు నిలబడి, నలుగురూ వినేలా అరుస్తున్నాడు హరిప్రసాద్. బండి చిట్టచివరి సీట్లో కూర్చున్న అతని తల్లి చౌడక్క, కొడుకు ఒక్కో మాట అంటుంటే ఇంకాస్త ముడుచుకుపోతోంది.

పడుతున్నవాడు పరాయివాడైతే ఇంత బాధ ఉండేది కాదు. తిరుపాల్ చిన్నప్పుడు రొద్దంలో వాళ్ల పక్కింటి పిల్లాడు. వాళ్లమ్మ కూలికి పోతే చౌడక్క చేతి సంగటి తిని పెరిగాడు. హరిప్రసాద్‌కు అన్నదమ్ముడి కింద లెక్క. ఈ పాడు చప్పుడు మొదలయ్యేదాకా అంతే.

హరిప్రసాద్‌ది పాత ఎస్‌యూవీ. వెనక చక్రాల దగ్గర టక్ టక్ అంటుంది. సాఫీ రోడ్డు మీద నోరెత్తదు. గుంతలో పడితేనే అంటుంది. ఇంకో వింత, హిందూపురం పోయేటప్పుడు రాదు, వచ్చేటప్పుడే వస్తుంది. వచ్చేటప్పుడు దాణా మూటలుంటాయి కాబట్టి బరువుకే అని అందరూ తేల్చారు.

తిరుపాల్ స్ప్రింగుల దగ్గరి రబ్బరు బుష్‌లు మార్చాడు. ఇసుక మూటలు వేసుకుని ఊరంతా తిప్పి చూశాడు. చప్పుడు లేదు. మళ్లీ హిందూపురం పోయి వస్తే, టక్ టక్.

హిందూపురం మెకానిక్ షాక్ అబ్జార్బర్లు మార్చాడు. ధర్మవరం మెకానిక్ స్ప్రింగ్ పట్టీలన్నీ దించి ఎక్కించి, ఏమీ దొరక్క, "ఈ బుష్‌లు ఎవరేసినారప్పా?" అని ఒక మాట వదిలాడు.

ఆ మాట హరిప్రసాద్ చెవిలో జోరీగ అయింది. రొద్దంలో కనపడినవాడికల్లా చెప్పాడు. తిరుపాల్ షెడ్డుకు వచ్చే బండ్లు తగ్గిపోయాయి. అసలే షెడ్డు ఖాళీ చెయ్యమని స్థలం వాళ్లు తొందరపెడుతున్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

చౌడక్కకు అన్నం సయించడం లేదు. హిందూపురం ప్రయాణాలన్నీ ఆమె కోసమే మరి. దవడలో పుండు. డాక్టరు వక్కాకు, పొగాకు మానాలన్నాడు. కొడుకు తన నెత్తిన చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నాడు. కోడలు పవిత్ర కంట్లో వత్తులు వేసుకుని చూసుకుంటోంది. అయినా పుండు మొండికేసింది. డాక్టరు మందులు మారుస్తూ, మళ్లీ రమ్మంటూనే ఉన్నాడు.

ఈసారి మాత్రం ఆ చప్పుడు రాకూడదని ఈ పొద్దు హిందూపురం దాటుతూనే ఆమె చౌడేశ్వరమ్మకు మొక్కుకుంది. సోమందేపల్లి చేరకముందే చప్పుడు వచ్చింది.

"ఇదంతా నా వల్లే గదప్పా," అంది దారిలోనే, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని.

"నీ వల్లేముందిమా? బండికి రోగమొస్తే నువ్వేం చేస్తావు? దుమ్ము లేస్తాండాది, మూతికి కొంగు అడ్డం పెట్టుకో."

ఆమె కొంగు అడ్డం పెట్టుకుంది. చెప్పాలనుకున్న మిగతా మాట కొంగు వెనకే ఉండిపోయింది.

షెడ్డు ముందు హరిప్రసాద్ అరుపులన్నీ అయ్యేదాకా తిరుపాల్ విన్నాడు. చివరికి చేతిలోని స్పానర్ కింద పెట్టాడు.

"హరీ, మూటలు దించొద్దు. పెద్దమ్మనూ దించొద్దు. ఉన్నది ఉన్నట్టే పోనీ. నేను వెనక కూచుంటా. ఈరోజు దొరక్కపోతే ఈ పనే మానేస్తా."

ఆ మాటకు చౌడక్క కొంగు ఇంకా దగ్గరికి లాక్కుంది.

బండి రొద్దం దారి పట్టింది. హరిప్రసాద్ వెతికి వెతికి గుంతల్లో దింపాడు. మూటలు ఎగిరాయి, మనుషులు ఎగిరారు. చప్పుడు మాత్రం రాలేదు. తిరుపాల్ చెవి కిందికి ఆనించి విన్నాడు. లేచి చౌడక్క ఎదురుగా కూర్చున్నాడు. ఆమె చేతులు ఒళ్లో బిగబట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"నడుము నొస్తాందా పెద్దమ్మా?"

"లేదు నాయనా," అంది బోసినోటితో, కొంగు సర్దుకుంటూ. ఆమె బొటనవేలి మీద అతని చూపు కాసేపు ఆగింది.

"చూసినావా!" ముందునుంచి హరిప్రసాద్ వెటకారం. "నువ్వెక్కితే రాదు. నిన్ను చూసి జడుసుకున్నట్టుండాది!"



షెడ్డుకు తిరిగి వచ్చాక తిరుపాల్ బండి కింద దూరాడు. ఏదో విప్పాడు, ఏదో బిగించాడు. బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"తప్పు నాదేబ్బా. బుష్ సరిగ్గా కూర్చోలేదు. సరిచేసినా. ఇంక రాదు."

"ఈ మాట ముందే ఒప్పుకునుంటే ఇంత దూరం వచ్చేది గాదు గదా!" అన్నాడు హరిప్రసాద్. టీ కొట్టు దగ్గరున్నవాళ్లంతా ఇటే చూశారు.

చౌడక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. "వాడు గాదప్పా..." అంటూ లేవబోయింది.

"నువ్వుండు పెద్దమ్మా," అన్నాడు తిరుపాల్.

గెలిచిన మొహంతో హరిప్రసాద్ పోయి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. వెనక డోరు వెయ్యడానికి వచ్చిన తిరుపాల్ వెయ్యకుండా ఆగాడు. గ్రీజు అంటిన చెయ్యి లోపలికి చాపాడు.

చౌడక్క సున్నం అంటిన వేళ్లతో కొంగు కిందినుంచి, హిందూపురంలో చాటుగా కొన్న వక్కాకును గుంత వచ్చేదాకా కాచుకుని కాచుకుని దంచుకున్న చిన్న ఇనుప రోలునూ రోకలినీ తీసి ఆ చేతిలో పెట్టింది.