నలభై దాటినవాళ్ళకే

"టోకెన్ నంబరు అరవై రెండు మీదేనాండీ?"

"నాదేనండీ," అంది డ్రైవరు భార్య.

ఆమె ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే వినపడదు. ఎప్పుడో గిన్నెలు తోముతుంటే నీళ్ళలో పడింది. అప్పటినుంచి స్పీకరు పెడితేనే పలుకుతుంది. అందుకని ఆమెకొచ్చిన ఫోను ఇంటిల్లిపాదికీ వచ్చినట్టే. డ్యూటీ దిగొచ్చి కాళ్ళు చాపుకున్న డ్రైవరు కూడా విన్నాడు.

"పోయినవారం బస్సు డిపోలో మా వ్యానుకి వచ్చారు కదమ్మా. రొమ్ములో గడ్డ నుంచి సూదితో ముక్క తీశాం, దాంట్లో తేడా వచ్చింది. రేపు పొద్దున్నే ఆసుపత్రికి రావాలి. ఒంటరిగా మాత్రం రాకండి."

"తేడా అంటే?"

"డాక్టరుగారు చెబుతారు. తొందరగానే దొరికింది, భయపడకండి. కానీ ఆలస్యం చెయ్యొద్దు."

"అది కొవ్వు గడ్డేనని మా వీధి చివరి డాక్టరు అన్నాడండీ. పరీక్షలే అక్కర్లేదన్నాడు."

"అందరూ అలాగే అంటారమ్మా." నర్సు గొంతులోకి కాస్త చనువు వచ్చింది. "మీరు నాకు బాగా గుర్తు. నలభై ఆరేళ్ళా అని కార్డు రెండుసార్లు చూశాను. వయసు మీద పడనివ్వలేదు మీరు. ఆ ఓపికే ఇప్పుడు పనికొస్తుంది."

ఫోను పెట్టేసింది.

ఇంకో రోజైతే డ్రైవరు, 'ముందు ఆ నర్సుకి కళ్ళు పరీక్ష చేయించాలి' అనేవాడే.

ఆ టోకెన్ తెచ్చింది తనే. ఇంటికొకటి, నలభై దాటిన ఆడవాళ్ళకి మాత్రమే. డిపోలో దాని మీద రెండు రోజులు నవ్వులే నవ్వులు. కండక్టరు భార్య అలవాటు కొద్దీ ముప్ఫై ఎనిమిదని చెప్పి వెనక్కొచ్చేసింది. సాయంత్రం మొగుణ్ణి వెంటబెట్టుకెళ్ళి వయసు సరిచేయించుకుంది. మెకానిక్కు వదినగారు మాత్రం, ప్రాణం పోయినా సరేనని ముప్ఫై తొమ్మిది దగ్గరే నిలబడింది.

ఆ రోజు డ్రైవరు దూరం సర్వీసులో ఉన్నాడు. ఫోను చేసి పరీక్ష అయిందా అని అడిగాడు. అయిందంది. అంతే.

స్పీకరు పక్క వాటాకి కూడా వినిపిస్తుంది. డ్రైవరు అక్క గడప దాటి వచ్చేసింది.

"విన్నాన్లే," అంటూ మరదలి పక్కన కూలబడింది. ఇరవై మూడేళ్ళలో ఆ ఇద్దరికీ కూరలో ఉప్పు దగ్గర కూడా మాట కలవలేదు. ఇవాళ చెయ్యి పట్టుకుంది. "నువ్వు లేవకు. వంట సంగతి నేను చూస్తా."

"అది కాదు వదినా, ఆ పరీక్ష..."

"పరీక్షలన్నీ రేపు. ఇప్పుడు మాట్లాడకు, ఆయాసం."

"నాకేం ఆయాసం లేదు."

"ఉన్నవాళ్ళెవరూ ఉందనరు."

డ్రైవరు లేచి మంచినీళ్ళు తెచ్చాడు. గ్లాసులెక్కడుంటాయో తెలియక బియ్యం కొలిచే డబ్బాతో తెచ్చాడు. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. తాగలేదు.

"ఇది తల్లికొస్తే పిల్లకీ వస్తుందంటారే అక్కా," అన్నాడు గొంతు తగ్గించి.

"వస్తే ఇప్పుడా? దానికింకా ఇరవై రెండు. నలభై దాటినవాళ్ళకేగా ఆ వ్యాను పంపించింది. అంత చదువుకున్నవాళ్ళకి తెలీదా?"

డబ్బాలో నీళ్ళు తొణికి చీర మీద పడ్డాయి.

ఆమె గోడ గడియారం వంక చూసింది. ఐదున్నర. అమ్మాయి కొరియర్ ఆఫీసులో చేరి రెండు నెలలు. ఆరుకల్లా ఇంట్లో ఉంటుంది.

"పిల్లకి మాత్రం చెప్పొద్దు," అన్నాడు డ్రైవరు. "కొత్త ఉద్యోగం. బెంగపెట్టుకుంటుంది."

"మోకాళ్ళ నొప్పులని చెబుదాం," అంది అక్క. "రేపు ఆసుపత్రికి అందుకేనందాం."

"దానికే ముందు చెప్పాలి." ఆమె గొంతు మొదటిసారి గట్టిగా వినిపించింది.

"మతుండే మాట్లాడుతున్నావా? కన్నతల్లివి. ఇరవై రెండేళ్ళ పిల్ల ఈ మాట తట్టుకోగలదా?"

"తట్టుకోవాలి కదా వదినా."

"చూశావురా, ఎంత మొండి మనిషో. తన బాధ పిల్ల నెత్తిన కూడా వెయ్యాలట."

డ్రైవరు అక్కను సైగతో ఆపి భార్య ముందు నేల మీద కూర్చున్నాడు. బస్సు గేరు పట్టి కాయలు కాసిన చెయ్యి ఆమె మోకాలి మీద పెట్టాడు.

"ఆ మాయదారి జబ్బేదో నీ బదులు నాకు రాకూడదా?"

అంతసేపూ రాయిలా ఉన్న మనిషి ఆ మాటకి భోరుమంది.

"ఏడవనీరా," అంది అక్క కళ్ళొత్తుకుంటూ. "మొగుడి నోట ఆ మాట వింటే ఏ ఆడదానికైనా ఏడుపొస్తుంది."

వీధి గేటు చప్పుడైంది.

డ్రైవరు భుజం మీది తువ్వాలుతో గబగబా భార్య మొహం తుడిచాడు. అక్క అలమరలోంచి నొప్పుల మందు తీసి, మరదలి మోకాలికి పట్టించడం మొదలుపెట్టింది. తొందరలో మూత తియ్యడం మర్చిపోయింది.

అమ్మాయి చెప్పులు విప్పింది. సంచి కొక్కేనికి తగిలించింది. ముగ్గుర్నీ మార్చి మార్చి చూసింది.

"ఏమైంది?"

"మోకాళ్ళు," అన్నారు నాన్నా, అత్తా ఒకేసారి.

అమ్మాయి మోకాళ్ళ వంక చూడలేదు. తల్లి కళ్ళలోకి చూసింది.

"నలభై దాటినవాళ్ళకే అన్నారని నీ టోకెన్ పట్టుకుని నేను వెళ్ళొచ్చానే, ఆ పరీక్ష గురించి ఫోనొచ్చిందా అమ్మా?"