మొరాయించని కంప్యూటరు

"సూడప్పా, ఈ కొత్త కంప్యూటర్లలో ఏం ఏస్తావో నాకు తెల్దు. నువ్వు మాత్రం మళ్ళా ఈ గడప తొక్కే పని పడకూడదు" అంది మునెమ్మ.

సుకుమార్ గుండెలో రాయి పడింది.

చిత్తూరులో మునెమ్మది మామిడి గుజ్జు వ్యాపారం. ఆమె గొంతు వింటే లారీ డ్రైవర్లకే హడల్. ఆఫీసులో లెక్కలు చూసేది కూతురు రూపశ్రీ. అక్కడి పాత కంప్యూటర్లు మొరాయించినప్పుడల్లా తిరుపతి నుంచి బస్సెక్కి వచ్చి బాగుచేసేవాడు సుకుమార్. ఒక వారం తెర నల్లబడేది. ఇంకో వారం ప్రింటరు పలికేది కాదు. ఒకసారైతే కీబోర్డు నిండా కాఫీ. ఏ దేవుడు చెడగొడుతున్నాడో గానీ, ఆ దేవుడికి మనసులోనే దండం పెట్టుకుని, చంద్రగిరి దాటేలోపే తల దువ్వుకునేవాడు.

వెళ్ళగానే రూపశ్రీ కాఫీ ఇచ్చేది. "బాగుండావా?" అనేది. "ఊఁ" అనేవాడు. ఏడాదిగా వాళ్ళ ప్రేమ అక్కడే ఆగిపోయి ఉంది.

ఇప్పుడు మూడు కొత్త కంప్యూటర్లు దిగాయి. విండోస్ వెయ్యాలా, లైనక్స్ వెయ్యాలా?

విండోస్ వేస్తే సుకుమార్ పంట పండినట్టే. ఆ ఆఫీసుకు వచ్చే ప్రతివాడూ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి గుచ్చేస్తాడు. వైరస్ పట్టక తప్పదు, తనను పిలవక తప్పదు. లైనక్స్‌కు ఆ బెడద తక్కువ. దాని మానాన అది పనిచేసుకుపోతుంది. ఇక చిత్తూరు బస్సునీ, రూపశ్రీనీ మర్చిపోవాల్సిందే.

తల్లి వెనకాల నిలబడి రూపశ్రీ "విండోస్, విండోస్" అని పెదవులు కదిలిస్తోంది.

"ఏమబ్బా, నోట్లో ముద్ద పెట్టుకోనుండావా? రెండిట్లో ఏది మేలో సెప్పు" అంది మునెమ్మ.

విండోస్ అనబోయాడు. పాడు నోరు, పని విషయంలో ఏనాడూ అబద్ధమాడి ఎరగదు.

"లైనక్స్ అమ్మా. మీ పనికి అది చాలు. ఇంక నాతో పనుండదు."

"అయితే అదే ఎయ్యి."

రూపశ్రీ ఆరోజు కాఫీ ఇవ్వలేదు. "పెద్ద ధర్మాత్ముడు బయల్దేరినాడు!" అని పళ్ళు మాత్రం కొరికింది.

వారం తిరక్కుండానే ఫోన్. మునెమ్మే.

"నువ్వు మెచ్చినవి మూడూ ఒకేసారి సచ్చినాయి. రా."

సుకుమార్‌కి సంబరమూ కలిగింది, భయమూ వేసింది. పనిలోనే పరువు పోతే ఇక పిల్లనేం అడుగుతాడు! ఆదరాబాదరాగా వచ్చి బల్లల కింద దూరాడు. మూడింటి కరెంటు వైర్లూ ఊడదీసి, ముచ్చటగా చుట్టి పెట్టి ఉన్నాయి.

ఇది రూపశ్రీ పనే! అతనికి ఎగిరి గంతేయాలనిపించింది. కానీ ఈ సంగతి తల్లికి తెలిస్తే పిల్లను బతకనిస్తుందా?

"ఎలుకలమ్మా" అన్నాడు తలెత్తకుండా.

"చుట్టలు చుట్టి పెట్టే ఎలుకలా?"

రూపశ్రీ బిక్కమొహం వేసింది. "అమ్మతోడు, నేను కాదు!"

మునెమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏడాదిగా ఈటిని చెడగొట్టలేక నేను సస్తా ఉంటే మీరిద్దరూ నోరే తెరవరే! ఏమబ్బా, తిరుపతికి పొయ్యి మీ నాయన్ను పిల్చుకోని రాపో, మాట్లాడల్ల!"