పొద్దుతిరుగుడు పసుపు

“పసుపంటే ఏ పసుపండీ?” అని అడిగింది కెమెరా గదిలోని ఆమె, ఎదురుగా ఉన్న పన్నెండు తెరల మీంచి చూపు తిప్పకుండా.

“నిమ్మపండు పసుపు కాదు. పొద్దుతిరుగుడు పువ్వు పసుపు,” అన్నాడు పెద్దాయన. “గౌను నేనే కుట్టా. నడుము ఇరవై రెండు, పొడుగు ఇరవై నాలుగు. మెడకి తెల్ల లేసు.”

చేతుల వణుకు కనబడకుండా కుర్చీ వీపు గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. చొక్కా కాలరుకి దారం ఎక్కించిన సూది గుచ్చి ఉంది. జీవితమంతా దర్జీపని చేసినవాడని వేరే చెప్పక్కర్లేదు.

ఆయన్ని అక్కడికి తీసుకొచ్చింది కొత్త సూపర్‌వైజరు. మూడంతస్తుల ఆ దుకాణంలో చేరి అతనికింకా వారం కూడా కాలేదు. బట్టల విభాగంలో పెద్దాయన “మా బొత్తాం కనబడటం లేదు” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే, ముందు చొక్కా బొత్తామనుకుని మోకాళ్ళ మీద పాకి నేలంతా వెతికాడు. తీరా అది ఆరేళ్ళ పిల్ల ముద్దుపేరని తెలిసేసరికి ఆయన చెయ్యి పట్టుకుని పరుగున ఇక్కడికి లాక్కొచ్చాడు.

“గేట్లు మూయిస్తాను. మైకులో చెప్పిస్తాను,” అన్నాడు.

“వద్దు సార్. ఒక్క పది నిమిషాలు ఆగండి.”

“పసిపిల్ల తప్పిపోతే పది నిమిషాలా! మీకు చీమ కుట్టినట్టయినా లేదే!”

“గేట్లు మూస్తే జనం తోసుకుంటారు. ఈయన ఇంకా బెదిరిపోతారు,” అంటూ ఆమె పెద్దాయన వైపు కుర్చీ జరిపింది. “మీరు కూర్చోండి. నేను వెతుకుతున్నాగా.”

సూపర్‌వైజరు తెరల మీదికి వంగాడు.

“అదిగో పసుపు!”

“అరటిపళ్ళ గెల సార్.”

“మూడో తెరలో?”

“నేల తుడిచే బకెట్టు.”

“మెట్ల దగ్గర! కదులుతోంది!”

“వానకోటు వేసుకున్న ఆసామి. ఆరడుగులున్నాడు.”

సూపర్‌వైజరు నుదురు తుడుచుకున్నాడు. “ఈ భవనంలో ఇంత పసుపుందని నాకివాళే తెలిసింది.”

“ఈలోపు రెండో తెరలో ఒకాయన బిల్లు వేయించకుండా టేబుల్ ఫ్యాను చంకన పెట్టుకుని వెళ్ళాడు, చూశారా?”

“ఎప్పుడు?”

“మీ కళ్ళెదుటే. గేటు దగ్గర ఆపమని వాకీటాకీలో చెప్పేశాలెండి. మనసులో ఏ బొమ్మ పెట్టుకుంటే కళ్ళు దాని వెంటే పడతాయి సార్. పక్కనుంచి ఏనుగు నడిచిపోయినా పట్టదు.”

పెద్దాయన కూడా తెరలకేసి చూస్తున్నాడు. కానీ ఆయన చూపు ముఖాల మీద నిలవడం లేదు, కుట్ల మీద నిలుస్తోంది.

“ఆ పొట్టాయన లాగు ఎవడు కుట్టాడో గానీ, కాళ్ళు రెండూ రెండు ఊళ్ళకి పోతున్నాయి,” అన్నాడు. తరవాత ఆమె వైపు తిరిగాడు. “నీ చొక్కాకీ భుజం జారింది.”

“దుకాణం వాళ్ళిచ్చిన యూనిఫారమండీ.”

“అందుకే. గోనెసంచికి చేతులు తగిలించినట్టుంది.”

ఆమెకి నవ్వాగలేదు. సూపర్‌వైజరుకి మాత్రం ఒళ్ళు మండింది.

“తాతగారూ, మీ మనవరాలి ఫోటో ఏమైనా ఉందా?”

“ఫోటో ఎందుకయ్యా? కళ్ళు మూస్తే ఎదురుగా ఉంటుంది. తెరిస్తేనే కనబడటం లేదు.” ఆయన చూపుడువేలు చాపి చూపించాడు. “నా వేలు పట్టుకునే ఉంది. గుడ్డ నాణ్యం చూద్దామని ఒక్క క్షణం వేలు విడిపించుకున్నా. అంతే.”

ఆమె మొదటిసారి తెరల మీంచి చూపు తిప్పుకుంది. తన కుర్చీ ఆయనకి దగ్గరగా లాక్కుంది.

“తప్పిపోతే ఏం చెయ్యాలో తనకి చెప్పారా ఎప్పుడైనా?”

“చెప్పకేం! ఉన్నచోటునుంచి కదలకు, నేనే వెతుక్కుంటూ వస్తానని చెప్పా.”

“మీ మాట వింటుందా?”

“పెంకిదే. కానీ ఈ ఒక్క మాట మాత్రం జవదాటదు.”

“అయితే తనెక్కడికీ పోలేదండీ. ఉన్నచోటే ఉంది.”

“నీకెలా తెలుసు?”

“తెలుసు. నన్ను నమ్మండి.”

పెద్దాయన ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు, ఎక్కడో చూసిన గుడ్డని గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు. అంతలోనే ఆ చూపు మణికట్టు మీదికి జారిపోయింది.

“చేతి అంచు కుట్టు ఊడింది. ఇటివ్వు.”

ఆమె కుడిచెయ్యి చాపింది. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని కాలరు మీంచి సూది తీశాడు. సూది గుడ్డలో దిగగానే వేళ్ళ వణుకు ఆగిపోయింది.

సూపర్‌వైజరు నెత్తి బాదుకున్నాడు. “అక్కడ కొంపలంటుకుంటుంటే ఇక్కడ కుట్టుపనా! ఇద్దరికిద్దరూ సరిపోయారు. ఉండండి, నేనే వెళ్ళి వెతుకుతా!”

తలుపు ధడాలున మూసుకుంది. కాసేపటికి నాలుగో తెరలో ప్రత్యక్షమయ్యాడు. వంగి బల్లల కింద తొంగిచూస్తున్నాడు.

“ఇంకొంచెం వంగితే ఆయన ప్యాంటు వెనకాల పిగిలిపోతుంది,” అన్నాడు పెద్దాయన, తాపీగా.

“చెప్పొద్దులెండి. వెతకనివ్వండి.”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన మళ్ళీ కుట్టు మీదికి వంగాడు. కంగారంతా ఎటో పోయింది. దారం బిగిస్తూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

ఆయన ఒళ్ళో ఉన్న కుడిచెయ్యి కదలనివ్వకుండా ఆమె ఎడమచేత్తో మెల్లగా ఫోన్ తీసి, నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది.

“నాన్న మళ్ళీ నన్నే వెతుక్కుంటూ వచ్చాడమ్మా.”