వాడకంలో ఉన్న ఫైలు

ఫైలు వాడకంలో ఉంది, పేరు మార్చడం కుదరదని కంప్యూటర్ మూడోసారి చెప్పింది. ఆపరేటర్ గంగాధరరావు గోడ గడియారం వైపు చూశాడు. నాలుగున్నర.

అది 1986. విశాఖ రేవులో ఓడల సరుకు దింపే ఆ కంపెనీ తన రోజుకూలీలను పర్మనెంట్ చేస్తోంది. ఐదింటికి కంప్యూటర్ జాబితాను అచ్చు వేస్తుంది. వెంటనే దాన్ని టెలెక్సులో కలకత్తా ఆఫీసుకి పంపేస్తారు. ఆ తర్వాత ఒక్క పేరు చేర్చినా ఒప్పుకోమని అక్కడివాళ్లు ముందే తేల్చి చెప్పారు.

పద్నాలుగేళ్లుగా బొగ్గు మోస్తున్న చలమయ్య పేరు అందులో లేదు. పొద్దున అతను మేనేజర్‌ని కలిసి, పేరు చేర్చమని చీటీ రాయించుకొచ్చాడు. గంగాధరరావు జాబితాకి నకలు తీసి అందులో చేర్చాడు. ఇక పాత ఫైలుకి వేరే పేరు పెట్టి, దాని పేరు కొత్తదానికి ఇవ్వాలి. ఆ పేరుతో ఉన్న ఫైలే ఐదింటికి అచ్చవుతుంది. పాతదాన్ని ఎవరైనా తెరిచి ఉంచినంతసేపూ అది జరగదు.

తెరిచి కూర్చున్నది మేడమీద లేబర్ సెక్షన్ గుమాస్తా శ్రీరామ్మూర్తి. రెండుసార్లు ఫోన్ చేస్తే పనిలో ఉన్నానని పెట్టేశాడు. గంగాధరరావు మెట్లెక్కి వెళ్లి తలుపు కొట్టాడు. లోపల గడియ. తర్వాత రమ్మన్న మాట మాత్రం వినిపించింది.

కిందికి వచ్చేసరికి చలమయ్య వరండాలో గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఏటి బాబూ, పేరు మార్సడానికి ఇంతసేపేటి?"

"మేడమీద శ్రీరామ్మూర్తి గారు వదలాలి. మనం లాగేస్తే ఆయన చేస్తున్న పని చెడిపోతుంది."

"నా పేరు రాయకుండా వదిలేసింది ఆ బాబే. ఇప్పుడెందుకు సాయం సేత్తాడు? నాను ఇంటికెళ్లి మా ఇంటిది సిట్టెమ్మకి ఏటి సెప్పాల?"

ఐదుకి ఆరు నిమిషాలుండగా గంగాధరరావు మేడమీద టెర్మినల్‌కి కంప్యూటర్‌తో ఉన్న లంకెని తన దగ్గర్నుంచే తెంపేశాడు. ఎనిమిదేళ్ల సర్వీసులో ఎన్నడూ చేయని పని. పాత ఫైలు పక్కకి జరిగింది. కొత్తది దాని పేరుతో నిలబడింది.

ఐదింటికి ప్రింటర్ కదిలింది. చిట్టచివరి వరసలో చలమయ్య పేరు. అతనికి చదువు రాదు. గంగాధరరావు వేలు పెట్టి చూపిస్తే, మసి మరకలు అంటకుండా చేయి పంచెకి తుడుచుకుని ఆ వరసని తాకాడు. కాగితం టెలెక్సు గదికి వెళ్లిపోయింది.

పది నిమిషాల తర్వాత శ్రీరామ్మూర్తి రొప్పుతూ దిగి వచ్చాడు. టెర్మినలే పాడైందనుకుని ఇంతసేపూ దానితో కుస్తీ పట్టాడట. తెంపింది తనేనని గంగాధరరావు ఒప్పుకున్నాడు. జాబితా వెళ్లిపోయిందని కూడా చెప్పాడు.

శ్రీరామ్మూర్తి చేతిలోని పేర్ల కాగితాన్ని మెల్లగా బల్లమీద పెట్టాడు.

"పొద్దున ఈ చలమయ్య అడిగి వెళ్లాక మేనేజర్ గారు హాజరు పుస్తకం తిరగేశారు. అందులో ఒక పేజీ మొత్తం జాబితాలోకి ఎక్కనే లేదు. భోజనం మానేసి, తలుపేసుకుని అదే ఎక్కిస్తున్నాను. మొదటి పేరు ఈయనదే. తక్కిన ముప్పై తొమ్మిదీ ఈయన ముఠావాళ్లవి."