పచ్చ దీపం ఆరేదాకా

నాంచారమ్మ పంపు కింద పెట్టెను బూడిద వేసి తోముతోంది.

పీచు ఆడిన చోటల్లా అక్షరాలు చెరిగిపోతున్నాయి. 'పరిశోధన పరికరం. బ్యాటరీ డెబ్బై రెండు గంటలు. దొరికినవారు ఈ నంబరుకు ఫోన్ చేయగలరు.'

"ఏవండీ! ఆపండి! ఎవరు తోమమన్నారు మిమ్మల్ని?"

బండి ఆగీ ఆగకముందే హర్షిణి దూకింది. వెనక మధుబాబు స్టాండు వేస్తున్నాడు. ఇద్దరూ తాడేపల్లిగూడెం కాలేజీలో చదువుతున్నారు.

"బురద తల్లీ. పైగా చేపల కంపు. పరాయి సొమ్ము, అలాగే ఎలా ఇస్తాం?"

హర్షిణి పెట్టె లాక్కుంది. మూత తీసి చూసింది.

ఖాళీ.

రెండేళ్ళు ఆ పెట్టెతోనే గడిపింది ఆ పిల్ల. సూర్యుడి నడిబొడ్డులో పుట్టి, మన ఒంట్లోంచి, భూమిలోంచి కూడా ఆగకుండా దూసుకుపోయే న్యూట్రినోలనే కణాలను ఆకాశంలోనే పట్టే చిన్న పరికరం అది. కోటానుకోట్లలో ఒకటి చిక్కితే మిణుగురుకన్నా సన్నటి వెలుగు పుడుతుంది. ఆ వెలుగును చూసే కన్ను ఒక గాజు గొట్టం. ఉన్నది ఒక్కటే. మొన్న పొద్దున్న బెలూన్‌కు కట్టి పరీక్షకు పంపారు. బతికి వస్తే వచ్చే నెల బుల్లి ఉపగ్రహంలో ఎక్కుతుంది. లేదంటే ఆ చోటు వేరే కాలేజీకి పోతుంది.

బెలూన్ వచ్చి కైకలూరు అవతల చేపల చెరువులో దిగింది. నిన్న ఒక ముసలి గొంతు ఫోన్ చేసింది.

"పెట్టె మా దగ్గరుందండి. ఎల్లుండి రండి. రేపు మాత్రం వద్దండి."

"రేపు వద్దన్నాడంటే రేపే పోవాలి," అన్నాడు మధుబాబు. "ఎల్లుండికి పాత సామాన్ల కొట్లో ఉంటుంది."

అందుకే ఈరోజే వచ్చారు.

"లోపలిది ఏదండీ?"

"మా ఆయన్నడగాలి తల్లీ. నన్ను ముట్టుకోనివ్వలేదు."

చెరువు గట్టు మీంచి కొండయ్య గబగబా వస్తున్నాడు. మోకాళ్ళ దాకా బురద. భుజాన చెరువులో చేపల మేత సంచులు కట్టే తాడు.

"రేపు పొద్దున్న రండమ్మా. ఈ ఒక్క పూట ఓపిక పట్టండి."

"ఎందుకు? బేరం ఇంకా తెగలేదా?"

"బేరమా! అది కాదమ్మా, దాంట్లో ఇంకా..."

"దాంట్లో ఏముందో నువ్వు నాకు చెప్తావా?"

నాంచారమ్మ చేతిలో పీచు ఆగింది. ఆమె మొగుణ్ణి ఆ వయసు పిల్లలెవరూ ఎప్పుడూ నువ్వు అనలేదు.

"చేపలకు మేత కట్టుకునేవాడివి. అదేంటో తెలుసా నీకు? దాని పేరు పలకగలవా?"

కొండయ్య నోరు తెరవబోయాడు.

"ఊరగాయ జాడీ అనుకునుంటాడు," నవ్వాడు మధుబాబు.

హర్షిణి చెప్పులతోనే ఇంట్లోకి దూసుకుపోయింది. మంచం కింద వెతికింది. అటక మీద వెతికింది. బియ్యం డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టింది.

మూట తగిలింది. పాత గొడుగు గుడ్డ, మూడు చుట్లు. పైన దారం.

"బియ్యంలో దాస్తావా? దొంగబుద్ధి కాకపోతే ఏంటిది?"

"విప్పకండమ్మా! వెలుతురు..."

అడ్డు వచ్చిన ముసలాయన్ని భుజంతో తోసి వాకిట్లోకి వచ్చింది. దారం పళ్ళతో కొరికి తెంపింది.

నల్లగుడ్డ జారిపోయింది. మిట్టమధ్యాహ్నపు ఎండ గొట్టం మీద పడింది.

అప్పుడు కనిపించింది. పడ్డ దెబ్బకు, గొట్టంలోకి వెలుతురు చొరకుండా వేసిన పైతొడుగు నిలువునా చీలింది. అడుగున చిన్న పచ్చ దీపం మినుకుమంటోంది. బ్యాటరీ ఇంకా అయిపోలేదు.

కరెంటు నడుస్తుండగా ఎండ సోకితే ఆ గొట్టం గుడ్డిదైపోతుంది. ఆ సంగతి హర్షిణికి తెలిసినంతగా కాలేజీలో ఎవరికీ తెలియదు.

కొండయ్య తలగుడ్డ లాగి గొట్టం మీద కప్పాడు.

మధుబాబు ల్యాప్‌టాప్ తగిలించాడు. తెర మీద గీత ఒక్కసారి పైకెగిరింది. ఇక కదల్లేదు.

"పోయింది," అన్నాడు. ఈసారి నవ్వలేదు.

"అంతా నీ వల్లే!" అరిచింది హర్షిణి. "బ్యాటరీ ఉందని చెప్పి చావొచ్చుగా!"

నాంచారమ్మ లేచింది. బూడిద చేతులతోనే వచ్చి ఆమెకు ఎదురుగా నిలబడింది.

"చెప్పనిచ్చావా? నోరు తెరిచిన ప్రతిసారీ నొక్కేశావు. బ్యాటరీ డెబ్బై రెండు గంటలని పెట్టె మీద నువ్వే రాశావంట. రేపు పొద్దుటికి దీపం ఆరిపోతుంది, అందాకా చీకట్లోనే ఉండాలన్నాడు. మొన్నటి నుంచి ఆ డ్రమ్ములో నన్ను డబ్బా ముంచనివ్వలేదు. పక్కింటి బియ్యం తెచ్చి వండుతున్నాను!"

హర్షిణి గొంతు తగ్గింది. "ఈయనకెలా తెలుసు?"

"కొల్లేరు పొంగి మా ఇళ్ళు ముంచిన ఏడు కోలారు గనికి పోయాం. పదేళ్ళు అక్కడే."

"బంగారం తవ్వడానికా?" అన్నాడు మధుబాబు.

"బంగారం తవ్వాడని ఎవరు చెప్పారు నీకు?"

ఆ గని పేరు హర్షిణి తన ప్రాజెక్టు రిపోర్టు మొదటి పేజీలో తనే రాసింది.

ఆమె తల తిప్పేసరికి, ఆ గనిలో మైలున్నర లోతున న్యూట్రినోల కోసం సైంటిస్టులు పెట్టిన గొట్టాలను పదేళ్ళు వెలుతురు సోకకుండా తన చేతుల మీద మోసిన కొండయ్య, తన వాకిట్లోంచి తనే బయటికి వెళ్ళిపోతున్నాడు.