బిందె నిండిందా అని అడుగు

“నీళ్లు లేని బోరును నీళ్లున్న బోరని రాసినోళ్లను వదిలిపెట్టి, స్టార్టరు ఆన్ చేసినోని మెడకు చుడతారా మేడమ్?”

తలుపు తోసుకుని వచ్చిన ఎస్తేరు, కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడే అడిగింది. తన కొట్టు మధ్యాహ్నమే మూసి వచ్చింది. తాళంచెవి ఇంకా గుప్పిట్లోనే ఉంది.

ఏ పల్లెకు ఎన్ని నీళ్ల ట్యాంకర్లు పోవాలో తేల్చే ఆఫీసు అది. బల్ల వెనక అధికారి యశోదమ్మ. పక్కన కంపెనీ తరఫున కంప్యూటర్లు చూసుకునే అభిలాష్. గోడవారగా, తువ్వాలు నలుపుకుంటూ కొత్తకొట్టాల వాటర్‌మ్యాన్ చెన్నప్ప. బల్ల మీదున్న విచారణ కాగితంలో ‘బాధ్యులు’ అన్నచోట రాసి ఉన్నది అతని పేరే. సాయంత్రంలోగా దాని మీద సంతకం పడితే పద్దెనిమిదేళ్ల పని ఊడినట్టే.

కొత్తకొట్టాల బోరు ఎండిపోయింది. అయినా నాలుగు రోజులు ట్యాంకరు రాలేదు. ఈ ఆఫీసులో ట్యాంకర్లు పంపేది ఇప్పుడు మనిషి కాదు, ఏజెంటు అనే సాఫ్ట్‌వేరు. ఫోన్ చేసిన ప్రతి ఇంటికీ అది ఒకటే జవాబు చెప్పింది: మీ ఊరికి నీళ్లు అందుతున్నాయి, ట్యాంకరు అక్కర్లేదు. నాలుగో రోజు ముసలి తిప్పమ్మ రెండు కిలోమీటర్ల అవతల తోటబావికి బిందె మోసుకుపోయి, మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది.

కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరిగేలా చెన్నప్ప స్టార్టరును ఆటోలో పెట్టి వదిలేశాడు, నీళ్లు లేకపోయినా మోటారు ఉత్తగా తిరిగింది, ఏజెంటు మోసపోయింది. యశోదమ్మ లెక్క అంతే.

“ఆటోలో పెట్టనోడు ఈ పక్క ఎవుడుండాడో చూపించండి. కరెంటు ఎప్పుడొస్తాదో కరెంటోళ్లకే తెల్దు. వచ్చిందాకా మంచమేసుకోని ఆడనే పండుకోవల్లనా ఈయప్ప?” అంది ఎస్తేరు.

యశోదమ్మ అభిలాష్ వైపు చూసింది. అతను ఓపిగ్గానే చెప్పాడు. ఏజెంటు చేతిలో నలభై టూల్స్ ఉంటాయి. ఒకటి మోటారును చూస్తుంది, ఒకటి ట్యాంకరును ఆపుతుంది, ఇలా. ఏ టూలు దేనికో ఏజెంటుకు దానంతట దానికి తెలియదు. ఒక్కోదాని కింద రెండు మూడు వాక్యాలు రాసి పెడతారు, వాటినే నమ్ముకుని పోతుంది. ఆ వాక్యాలు చూపిద్దామని అతను ఫైలు వెతుకుతుండగానే ఎస్తేరు అప్పజెప్పింది.

“మోటారు తిరుగుతోందో లేదో చూస్తుంది. తిరుగుతుంటే ఊరికి నీళ్లు అందుతున్నట్టే. అదే కదప్పా?”

తెర మీద అక్షరం తేడా లేకుండా అదే ఉంది. అభిలాష్ ఆశ్చర్యపోలేదు. ఆఫీసు పర్మిషన్‌తో గేటు పక్కనే దరఖాస్తుల కొట్టు నడిపే ఎస్తేరు, కాగితం మీద పడిన ఏ మాటనూ ఊరికే వదలదని అక్కడ అందరికీ తెలుసు. పది తప్పి, బెళుగుప్పలో ఒక పాత కంప్యూటరు ముందు తనంతట తానే టైపు నేర్చుకున్న మనిషి.

“ఎవరో సిటీలో కూర్చుని రాసుంటారక్కా. బోరు మొహం చూసుండరు,” అన్నాడు అభిలాష్.

“సిటీవోడైతే నీళ్లు కొలిచే మీటరు యాడుండాదని అడిగుండేటోడు. ఇది మనోళ్లే రాసినారు. మోటారు సద్దు ఇనపడితే బిందె ఎత్తుకోని ఉరికేటోళ్లు. పుట్టినకాణ్ణించి వాళ్లకు ఆ సద్దే నీళ్లు. ఇంగొక మాట రాయల్లని తట్టనే లేదు.”

అది నిజమేనని అభిలాష్ ఒప్పుకున్నాడు. పోయినేడు మండలంలో తెలుగు టైపు వచ్చినవాళ్లను పది మందిని పిలిపించి, రెండు రోజుల్లో నలభై టూల్స్‌కూ రాయించేశారట. ఏది ఎవరు రాశారో పేర్లు పెట్టుకోలేదట. ఒకరి తప్పని అనలేమనీ, సిస్టమ్‌లోనే లోపమనీ నసిగాడు.

“సిస్టమ్‌కు తుంటి ఇరగలేదప్పా. తిప్పమ్మకు ఇరిగింది. జరుగు.”

అతన్ని పక్కకు నెట్టి కీబోర్డు లాక్కుంది. మధ్యలో ఒక్కసారి కూడా ఆగకుండా కొట్టింది.

‘ఈ టూలు మోటారుకు కరెంటు అందుతోందా అనేది ఒక్కటే చెబుతుంది. నీళ్లు వస్తున్నాయో లేదో దీనికి తెలియదు. ఎండిన బోరులో కూడా మోటారు తిరుగుతుంది. దీన్ని చూసి ట్యాంకరు ఆపవద్దు. ఆపే ముందు ఊర్లో ఒక ఇంటికి ఫోన్ చేసి, బిందె నిండిందా అని అడుగు. ఎవరూ ఎత్తకపోతే ట్యాంకరు పంపు.’

అభిలాష్ రెండుసార్లు చదివాడు. తిప్పమ్మ జారిపడిన రోజు వివరాలు తీసి ఏజెంటుకు మళ్లీ చూపించాడు. ఈసారి అది ట్యాంకరు ఆపలేదు. ఊర్లో ఎవరికి ఫోన్ చేయాలని అడిగింది.

గోడవారనుంచి చెన్నప్ప మెల్లగా అన్నాడు. “మాటలు మారినాయి గదా, ఇంగ చాల్లే పాపా. ఆ రాసినోళ్లకు మాత్రం పిల్లాజెల్లా ఉండరా?”

“ఉంటే ఉండనీ మామా.” అతని వైపు తిరగకుండానే అంది.

యశోదమ్మ కాగితం దగ్గరికి లాక్కుంది. ఎవరో ఒకరి పేరు లేకుండా దాన్ని పైకి పంపడం కుదరదని తేల్చి చెప్పింది.

“రాసినోళ్ల పేరు పెట్టండి,” అంది ఎస్తేరు.

“తేలితే పెడతా. ఎవరైనా సరే, ఈ ఆఫీసు ఇచ్చిన పర్మిషన్లన్నీ పీకేస్తా. మళ్లీ ఈ గేటు దాటనియ్యను.”

“మాట మీద నిలబడతారా?”

“నిలబడతా.”

“అయితే ముందు చెన్నప్ప మామ పేరు కొట్టేయండి.”

యశోదమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. తర్వాత ఆ పేరు మీద అడ్డంగా గీత గీసింది. కలం కాగితం మీదే ఉంచి అడిగింది.

“చెప్పు. ఎవరని రాయాల?”

ఎస్తేరు గుప్పిట్లో తాళంచెవి అరచేతికి గుచ్చుకుంటోంది.

“ఎస్తేరు అని రాయండి.”