తలా ఒక ఇటుక

ఏడ్చేవాళ్ళు ఉదయం ఎనిమిదికల్లా వచ్చేశారు.

గునపం మేస్త్రి అప్పటికింకా టీ కూడా తాగలేదు. ముప్ఫై ఏళ్ళుగా పాత కట్టడాలు కూల్చడమే పని కాబట్టి అతని అసలు పేరు ఇంట్లోవాళ్ళు కూడా మరిచిపోయారు. కూల్చిన మర్నాడు జనం రావడం అతనికి కొత్త కాదు. నిలబడ్డన్నాళ్ళూ తొంగి చూడనివాళ్ళు, కూలిందనగానే సొంత చుట్టాల్లా దిగిపోతారు.

ఈసారి వచ్చింది టౌన్ హాలు కోసం. ఆ హాలుకి తాళం వేసి ఇరవై ఏళ్ళయింది. రోడ్డు వైపు ముఖమంతా చీరల ప్రకటనలు, సబ్బుల ప్రకటనలు కప్పేశాయి. ఇప్పుడు రేకులు కూడా అడ్డం కట్టడంతో, జనమంతా లారీలు తిరిగే వెనక గేటు నుంచే లోపలికి వచ్చారు. ప్రహరీ లోపల రెండే కట్టడాలు. ఒకటి కుప్పయింది. రెండోది దుమ్ము పడకుండా కట్టిన పచ్చవల కప్పుకుని నిలబడి ఉంది.

కాంట్రాక్టరు స్వయానా మేస్త్రి భార్యకి తమ్ముడు. నాలుగు చోట్ల పనులు నడుస్తున్నాయి కనక కారు దిగే తీరిక ఉండదు. అద్దం దించి చెప్పాడు.

"బావా, ఊరంతా గుర్రుగా ఉంది. తలా ఒక ఇటుక ఇచ్చి పంపించు. ఇవాళ ఒక్కడు నోరెత్తినా రేపట్నుంచి నువ్వు పనిలోకి రానక్కర్లేదు. మా అక్క వచ్చి నా గుమ్మంలో కూర్చున్నా సరే."

మేస్త్రి తలూపాడు. యాభై ఎనిమిదేళ్ళు. మెట్లెక్కితే మోకాళ్ళు పట్టేస్తాయి. ఈ పని పోతే ఇంకెవడు పిలుస్తాడు? నిన్న సాయంత్రం నుంచి అతనికి ముద్ద దిగడం లేదు.

మొదట ఒక లావుపాటి ఆవిడ ముందుకొచ్చింది.

"తొమ్మిదేళ్ళప్పుడు ఇక్కడే పాడాను. మైకు సరిగ్గా ఇదిగో, ఇక్కడే ఉండేది!" అని కుప్పలో ఒక చోటు చూపించి భోరుమంది.

"అవునమ్మా, అక్కడే," అన్నాడు మేస్త్రి. ఇటుక ఇచ్చాడు.

తర్వాత ఒక జంట. పెళ్ళికి ముందు ఒకరినొకరు చూసుకున్నది ఈ హాల్లోనేనట.

"మీరు కిటికీ పక్కన కూర్చుని నన్నే మింగేసేలా చూశారు."

"కిటికీ ఎక్కడే? స్తంభం పక్కన! అక్కణ్ణుంచి సగమే కనిపించావు. పూర్తిగా కనిపించి ఉంటే..."

"ఉంటే?"

"అబ్బే, ఏం లేదు."

ఆవిడ మేస్త్రి వైపు తిరిగింది. "నువ్వు చెప్పు నాయనా. కూల్చింది నువ్వే కదా! కిటికీయా, స్తంభమా?"

మేస్త్రికి చెమటలు పట్టాయి. "రెండూ ఉండేవండీ," అన్నాడు. ఇద్దరూ ఎవరికి వాళ్ళు గెలిచామనుకుని రెండు ఇటుకలు పట్టుకెళ్ళారు.

ఇంతలో జుట్టుకి రంగేసుకున్న ఒక ముసలి నటుడు ఇటుక పైకెత్తి గావుకేక పెట్టాడు.

"చూశారా ఈ తెల్లటి పొడి! యాభై ఏళ్ళ నటుల ముఖాల పౌడరు! గోడలు తాగేశాయి!"

ఆ పొడి కళ్ళకద్దుకున్నాడు. కళ్ళు భగ్గున మండి, ఏడుపు ఇంకాస్త రక్తి కట్టింది. అంతే, జనం ఎగబడ్డారు. పౌడరు లేని ఇటుక ఇస్తే మొహం చిట్లించారు. "మా అత్తగారికి కూడా ఒకటి," "కాస్త ఎక్కువ పొడి ఉన్నది చూడు బాబూ," అంటూ మేస్త్రిని ఊపిరి తీసుకోనివ్వలేదు. పాపం, అతను ప్రతి ముఖంలోకీ దొంగలా చూస్తూ ఇటుకలు అందించాడు.

మధ్యాహ్నానికి కాంట్రాక్టరు మళ్ళీ వచ్చాడు. ఈసారి కారు దిగాడు.

"భేష్ బావా! ఒక్కడూ కిక్కురుమనలేదట. ఇక నువ్వు ఉన్నన్నాళ్ళూ నా దగ్గరే. అక్కకి నేనే ఫోను చేసి చెబుతా."

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అప్పుడే, గేటులోంచి ఒక బక్కపలచటి మనిషి పరుగున వచ్చాడు. హాలుని కాపాడాలని మూడేళ్ళు కోర్టు మెట్లు ఎక్కి దిగిన మాస్టారు. చేతిలో కాగితం.

"ఆపండి! స్టే వచ్చింది! కూల్చకూడ..."

కుప్ప చూశాడు. ఉన్నచోటే మట్టిలో కూలబడ్డాడు.

"ఒక్కరోజు," అన్నాడు. "ఒక్కరోజు ముందొచ్చి ఉంటే..."

మేస్త్రి వెళ్ళి అతని పక్కన గొంతుక్కూర్చున్నాడు. "మీరూ ఇక్కడ పాడేవారా మాస్టారూ?"

"లేదయ్యా. టిక్కెట్టు కొనే స్తోమత మా ఇంట్లో ఎప్పుడుంది? ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళలేదు. మా బడిపిల్లల్నైనా ఆ వేదిక ఎక్కిద్దామనుకున్నాను."

పొద్దుటి నుంచి విన్నవాటిలో నమ్మదగ్గ మాట ఇదొక్కటే అనిపించింది మేస్త్రికి.

కాంట్రాక్టరు మాస్టారి భుజం తట్టాడు. "రాసిపెట్టి ఉంది మాస్టారూ, ఎవరేం చేస్తారు? మా బావ మంచి ఇటుక చూసి ఇస్తాడు, పట్టుకెళ్ళండి."

మాస్టారు కాగితాన్ని రెండు చేతుల్తో పట్టుకున్నాడు, చింపడానికి. మేస్త్రి ఆ చేతులు పట్టుకుని ఆపాడు.

"చింపకండి మాస్టారూ," అన్నాడు బావమరిది వైపు చూడకుండా, "రోడ్డు వైపు నుంచి చూస్తే ఎడమవైపుది కూల్చమని రాసిస్తే నేను వెనక గేటులోంచి వచ్చి నా ఎడమకి తిరిగాను, పొద్దుట్నుంచీ ఊరంతా ఏడ్చింది ఉప్పు గోడౌను మీద పడి, మీ హాలు ఆ పచ్చవల కింద చెక్కుచెదరకుండా ఉంది."